చలికి దడి కట్టబోయి తడిని దాచుకుంటున్నాం

ధనుర్మాసం వచ్చిందంటే కోళ్లు పెంచే ఇళ్లలో సాయంత్రం పనులు మారిపోతాయి. పొద్దు వాలకముందే షెడ్డుకు నాలుగు వైపులా పరదాలు దిగుతాయి. పరదా చాలని చోట గోనెసంచులు, యూరియా సంచులు కుట్టి కడతారు. రేకుకూ గోడకూ మధ్య సందులో గడ్డి కుక్కుతారు. లోపల ఉండేవి బ్రూడర్ నుంచి అప్పుడే బయటికి తెచ్చిన నాలుగైదు వారాల పిల్లలు. తెల్లారి పరదా ఎత్తితే ముక్కుపుటాలు అదిరే ఘాటు, రేకు లోపలి వైపు నుంచి రాలే నీటి చుక్కలు, కాలి కింద అట్టకట్టిన పొట్టు. కొన్నాళ్లకు గురక మొదలవుతుంది, రెట్టలో ఎరుపు కనిపిస్తుంది, రోజుకు ఒకటీ అరా చచ్చిపడి ఉంటాయి. చలికి తట్టుకోలేకపోయాయంటారు, ఆ రాత్రికి ఇంకో సంచి అదనంగా కడతారు. ఆ అదనపు సంచి మీదే ఈ కథనానికి అభ్యంతరం. ఈ వయసు పిల్లకు మన తెలుగు నేల మీద చలికంటే పెద్ద శత్రువు తేమ. చలిని ఆపాలన్న ఆత్రంలో మనమే ఆ తేమను లోపల పెట్టి తలుపు వేస్తున్నాం. బ్రూడర్ దాటిన పిల్లకు కట్టే ఇల్లు ముందు తడిని బయటికి పంపాలి, తర్వాత ఈదురుగాలిని ఆపాలి. వేడి సంగతి ఆ రెండూ కుదిరాక చూడొచ్చు. మనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు.

ముందు పిల్ల ఒంటి సంగతి చూద్దాం. గుడ్డులోంచి వచ్చిన రోజు దాని ఒంటి మీద ఉండేది నూగు మాత్రమే. పెద్ద కోడి ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటే, ఒకరోజు పిల్లది అంతకంటే ఒకటి రెండు డిగ్రీలు తక్కువ. ఆ వేడినైనా తనంతట తాను నిలబెట్టుకునే శక్తి దానికి అప్పటికి ఉండదు. అందుకే మొదటి వారం బ్రూడర్ కింద 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఇచ్చి, వారానికి ఐదేసి డిగ్రీల చొప్పున తగ్గిస్తూ, ఆరో వారానికి 70 దగ్గర, అంటే 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆపుతాం. కోళ్ల రైతులందరికీ నోటికొచ్చిన లెక్కే ఇది. ఈ లెక్క అలా ఎందుకు తగ్గుతూ పోతుందో మాత్రం తక్కువమంది ఆలోచిస్తారు. రెండు మూడు వారాలు నిండేసరికి పిల్ల తన ఒంటి వేడిని తాను సర్దుకోవడం మొదలుపెడుతుంది. రెక్కల దగ్గర, తోక దగ్గర పుట్టిన ఈకలు భుజాల మీదుగా, వీపు మీదుగా, రొమ్ము మీదుగా పరుచుకుంటూ నాలుగు, ఆరు వారాల మధ్య నూగును దాదాపుగా రాల్చేస్తాయి. ఈకల నడుమ నిలిచే పలుచని గాలి పొర ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఆ పొర పనిచేయాలంటే ఈక పొడిగా ఉండాలి, గాలి నేరుగా కొట్టి దాన్ని చెదరగొట్టకూడదు. అంతే. గది వెచ్చగా ఉండి తీరాలన్న నియమం ఇందులో ఎక్కడా లేదు.

సాక్ష్యం కావాలంటే పెరట్లో తల్లికోడిని చూస్తే సరిపోతుంది. పుష్యమాసంలో పిల్లల్ని లేపిన పెట్ట వాటి కోసం పెరడంతా వెచ్చబెట్టదు. మంచు ఆరకముందే వాటిని వెంటేసుకుని గడ్డివాము చుట్టూ, పేడకుప్ప చుట్టూ తిప్పుతుంది. చలేసిన పిల్ల వచ్చి రెక్క కింద దూరుతుంది, వీపు వెచ్చబడగానే మళ్లీ గింజల వేటకు పోతుంది. రెక్క కింద ఉన్నప్పుడు కూడా తల బయటికి పెట్టి చూస్తూనే ఉంటుంది, అంటే ఒంటికి తగిలేది వేడి, పీల్చేది చల్లని గాలి. పిల్లలు పెరిగేకొద్దీ తల్లి రెక్క చాలదు, సగం పిల్లలు పక్కన ఆనుకుని పడుకుంటాయి. రెండు నెలలు అటూ ఇటూగా తల్లి వాటిని పొడిచి తరిమేస్తుంది. ఏ వారం ఎన్ని డిగ్రీలన్నది దానికెవరూ చెప్పలేదు, కానీ అది చేసేది సరిగ్గా అదే. వేడిని ఒకచోట ఉంచి, పిల్లకు రాకపోకల స్వేచ్ఛ ఇచ్చి, ఆ వేడిని కొంచెం కొంచెంగా తగ్గించడం. మంచి బ్రూడర్ కూడా దీనికి నకలే. దీపం కింద వేడి, చుట్టూ నిలబెట్టే చిక్ గార్డ్ దడి అంచున చల్లదనం, నడుమ పిల్ల ఇష్టం. నాలుగో వారంలో షెడ్డుకు మార్చిన రోజున ఈ తెలివంతా పక్కన పెట్టేసి, మొత్తం గదిని వెచ్చబెట్టే ప్రయత్నంలో పడతాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఇక నీళ్ల లెక్క. కోడి తిన్న దాణాకు ఇంచుమించు రెట్టింపు నీళ్లు తాగుతుంది. దానికి చెమట లేదు, విడిగా మూత్రం లేదు. తాగిన నీళ్లలో ఒంట్లో నిలిచే కాస్త పోగా మిగిలినదంతా రెట్టగా, ఊపిరిగా షెడ్డులోకే వస్తుంది. తాజా రెట్టలో ముప్పాతిక భాగం నీరే. వంద పిల్లలున్నాయనుకుందాం. ఐదో వారంలో ఒక్కోటి రోజుకు 40 గ్రాములు తింటుందనుకుంటే, మొత్తం 4 కిలోల దాణా, 8 లీటర్ల నీళ్లు. పిల్లకు ఒక చదరపు అడుగు చొప్పున వంద చదరపు అడుగుల షెడ్డు, ఎనిమిది అడుగుల ఎత్తు అనుకుంటే లోపలుండే గాలి దాదాపు 23 ఘనపు మీటర్లు. 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మోయగలిగిన ఆవిరి 13 గ్రాముల లోపే. అంటే షెడ్డులోని గాలంతా కలిసి మూడు వందల గ్రాముల నీటిని కూడా మోయలేదు. ఆ 8 లీటర్లలో రాత్రి పన్నెండు గంటల్లో ఒక్క లీటరు ఆవిరైనా, పట్టనిదంతా ఎక్కడికి పోవాలి? చల్లని రేకుకు తగిలి చుక్కలు కట్టి, తిరిగి పొట్టు మీద పడుతుంది. తెల్లారి కనిపించే ఆ చుక్కలు పైకప్పు కారి వచ్చినవని కొందరు రేకులు మార్పిస్తారు కూడా. పాపం, ఆ రేకు తప్పేమీ లేదు.

ఇక్కడ ఎవరైనా అడుగుతారు, బయట మంచు కురుస్తుంటే, గాలి అంతా చెమ్మగా ఉంటే, పరదా తీస్తే లోపలి తడి పెరగదా అని. సహేతుకమైన ప్రశ్న, కానీ జవాబు మన అనుమానానికి ఎదురుగా ఉంటుంది. చల్లని గాలి ఎంత చెమ్మగా తోచినా అందులో ఉండే నీరు తక్కువ. 10 డిగ్రీల దగ్గర పూర్తిగా చెమ్మపట్టిన గాలిలో ఘనపు మీటరుకు తొమ్మిదిన్నర గ్రాముల లోపే ఆవిరి ఉంటుంది. అదే గాలి లోపలికి వచ్చి, పిల్లల ఒంటి వేడికి ఒక ఐదు డిగ్రీలు పెరిగితే, ఇంకో మూడున్నర గ్రాముల దాకా మోసే ఓపిక దానికి వస్తుంది. ఆ లెక్కన ఒక లీటరు తేమను బయటికి మోసుకుపోవడానికి దాదాపు మూడు వందల ఘనపు మీటర్ల గాలి కావాలి. అంటే మన చిన్న షెడ్డులో గాలి రాత్రికి పదమూడుసార్లు, ఉజ్జాయింపుగా గంటకోసారి పూర్తిగా మారాలి. పొట్టు కూడా ఆరాలంటే ఇంకొంచెం ఎక్కువే మారాలి. పొగమంచు కమ్మిన తెల్లవారుజామున కూడా బయటి గాలి షెడ్డును ఆరబెట్టగలదు, దానికి దారి మాత్రం ఉండాలి. లోపలి గాలి కాస్త వెచ్చబడి తేలికై పైకి లేస్తుంది కనుక ఆ దారి పైన ఉంటే ఫ్యాను కూడా అక్కర్లేదు.

తడిసిన పొట్టులో ఏం జరుగుతుందో కోళ్ల పెంపకం చేసేవారికి కొత్త కాదు, కానీ దాన్ని చలి ఖాతాలో వేయడం అలవాటైపోయింది. రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు అమోనియా పుడుతుంది, వాటికి కావలసింది తడి. గాలిలో అమోనియా పది లక్షల పాళ్లకు 25 పాళ్లు దాటకూడదన్నది కోళ్ల పరిశ్రమ సాధారణంగా పాటించే హద్దు. దాటితే కళ్లు మండి మూసుకుపోతాయి, శ్వాసనాళంలో దుమ్మును, క్రిములను బయటికి తోసే సన్నని వెంట్రుకలు దెబ్బతింటాయి. ఆ తర్వాత వచ్చే సీఆర్‌డీ (దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి) గురకకు తలుపు తెరిచింది మనమే అవుతాం. రోజూ షెడ్డులో తిరిగే మనిషి ముక్కు ఆ ఘాటుకు అలవాటుపడిపోతుంది, పైగా మనం నిలబడి పీలుస్తాం, పిల్ల పొట్టు పక్కనే పీలుస్తుంది. పరదా లేపకముందు మోకాళ్ల మీద కూర్చుని పిల్ల ఎత్తులో ఊపిరి తీసుకుని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఇక రక్తపారుడు తెప్పించే కాక్సిడియా సంగతి. రెట్టతో బయటపడ్డ దాని గుడ్లు వెంటనే జబ్బు చేయలేవు. తేమ, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లో అవి ముదిరి కొత్త పిల్లకు అంటుకునే స్థితికి వస్తాయి. మూడు నుంచి ఆరు వారాల వయసు ఈ జబ్బుకు అనువైన కాలం. అంటే సరిగ్గా మనం సంచులు కట్టి, తడిగా, వెచ్చగా ఉంచే రోజులే. పొట్టు చేత్తో పిండితే ముద్దకట్టకుండా విడిపోవాలి. రోజూ తిరగేయాలి, నీళ్ల తొట్టి చుట్టూ తడిసిన చోట తీసి పారేయాలి. తడి పొట్టు మీద సున్నం చల్లే అలవాటు ఒకటుంది. సున్నం చెమ్మను పీల్చే మాట నిజమే కానీ, క్షారగుణం వల్ల పొట్టులో ఉన్న అమోనియాను ఒక్కసారిగా గాలిలోకి తరిమేస్తుంది. చల్లేట్టయితే పగటిపూట, పరదాలు తీసి ఉన్నప్పుడే చల్లాలి. మూసిన షెడ్డులో బొగ్గుల కుంపటి పెట్టేవారికి వేరే హెచ్చరిక. దాని పొగ కనిపించకపోయినా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, అది పిల్లల్నే కాదు, కాపలాకు లోపల పడుకున్న మనిషినీ చంపుతుంది.

కోళ్ల ఇంట్లో గాలి ఆడాలన్న ఈ వాదన కొత్తదేమీ కాదు, వందేళ్లు దాటింది. అమెరికాలో మంచు గడ్డకట్టే మసాచుసెట్స్ ప్రాంతంలో 20వ శతాబ్దం మొదట్లో జోసెఫ్ టోల్మన్ అనే పెంపకందారు దక్షిణం వైపు గోడ లేకుండా, తీగ వల మాత్రమే బిగించిన కోళ్ల ఇల్లు కట్టాడు. వైద్యుడైన ప్రిన్స్ టి. వుడ్స్ అదే దారిని ముందుకు తీసుకెళ్లి 1912లోనూ, 1924లోనూ గాలి ఆడే కోళ్ల ఇళ్ల మీద పుస్తకాలు రాశాడు. ఇంటిని లోతుగా కట్టి, మూడు వైపులా గాలి దూరకుండా బిగించి, ముందు వైపు తెరిచి ఉంచితే, వెనక వాలిన కోళ్ల దాకా ఈదురుగాలి చేరదనీ, తడి మాత్రం నిలవదనీ అతని వాదన. అవి పెద్ద కోళ్ల ఇళ్లు కదా, పిల్లలకు ఎలా వర్తిస్తుందని అడగవచ్చు. నిజమే, నూగు వదలని పిల్లకు వర్తించదు. కానీ అక్కడి చలి ఎక్కడ, మన చలి ఎక్కడ? హైదరాబాద్‌లో జనవరి రాత్రుల ఉష్ణోగ్రత మామూలుగా 14, 15 డిగ్రీల చుట్టూ ఉంటుంది. కోస్తాలో ఇంకా ఎక్కువ. ఆరు వారాలు నిండి ఒంటినిండా ఈక పట్టిన పిల్ల, పొడి పొట్టు, గాలి కొట్టని మూల దొరికితే, ఈ చలిని ఏ దీపం లేకుండా దాటేస్తుంది.

దీనికి ఎదురయ్యే గట్టి అభ్యంతరం ఒకటుంది. పరదా తీసి ఉంచిన రాత్రే పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి, అడుగున ఉన్నవి ఊపిరాడక చచ్చాయి కదా అని అడిగేవారు చాలామంది. ఆ నష్టం కల్పితం కాదు. కాకపోతే ఆ రాత్రి జరిగింది ఏమిటో విడదీసి చూడాలి. మన షెడ్లలో పరదాను చాలాచోట్ల పైన మేకులు కొట్టి బిగిస్తారు, కింది నుంచి చుట్టి పైకి లేపుతారు. గాలి కావాలని కాస్త లేపితే తెరుచుకునేది కింది భాగం. చల్లగాలి సరిగ్గా పిల్ల వీపు ఎత్తులో దూసుకొస్తుంది. పిల్లలు ఎదురు మూలకు పరుగెత్తి కుప్పపడతాయి. గాలి పనికిరాదని తేల్చేసి మర్నాటి నుంచి పూర్తిగా మూసేస్తారు. పరదాను తిరగేసి కడితే చాలు. కింది అంచును అరగోడకు బిగించి, పై అంచును తాడు, గిలకలతో కిందికి దించేలా ఏర్పాటు చేస్తే, పైన అడుగు మేర ఎప్పుడూ తెరిచి ఉంచవచ్చు, గాలి పిల్లల తలల మీదుగా పోతుంది. అరగోడ మామూలుగా అడుగు, అడుగున్నర ఉంటుంది. చలికాలంలో దాని మీద ఇంకో అడుగు పాత రేకో తడికో నిలబెట్టినా మంచిదే. పడమర నుంచి తూర్పుకు పొడవుగా కట్టిన షెడ్డుకు ఉత్తర, దక్షిణ ముఖాలే పెద్దవి. చలికాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం వైపు నుంచి వస్తుంది, సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. కాబట్టి ఉత్తరం వైపు ఎక్కువ మూసి, దక్షిణం పగలంతా పూర్తిగా తెరవాలి. ఆ ఎండ పొట్టు మీద పడితే అంతకు మించిన మందు లేదు.

పిల్లలు కుప్పపడటానికి చలి ఒక్కటే కారణం కూడా కాదు. భయం, చీకటి, కొత్త చోటు, మూలలు, ఇవన్నీ తోడవుతాయి. సాయంత్రం మోసుకొచ్చి చీకటి షెడ్డులో వదిలితే ఎంత వెచ్చగా ఉన్నా కుప్పపడతాయి. ఉదయాన్నే మార్చాలి, పాత దాణా తొట్లు, నీళ్ల తొట్లు వాటితోపాటే రావాలి, మూలల్లో అట్టలో రేకులో వంచి గుండ్రంగా చేయాలి, మొదటి కొన్ని రాత్రులు గుడ్డి దీపం ఒకటి వెలగాలి. అది వెలుతురు కోసం, వేడి కోసం కాదు. అన్నిటికంటే ముఖ్యమైనది, చోటు మారే రోజూ వేడి ఆగే రోజూ ఒకటి కాకూడదు. ఈక పడుతున్న కొద్దీ పాత చోటే మొదట పగటి దీపం, తర్వాత రాత్రి దీపం ఆపాలి. బ్రూడర్ ఇంట్లోనే దీపం లేకుండా నాలుగైదు రాత్రులు ప్రశాంతంగా పడుకున్న పిల్లలకు కొత్త షెడ్డు ఒక్కటే మార్పు అవుతుంది. టీకా, దాణా మార్పు కూడా ఆ వారంలో పడకుండా చూసుకోవాలి. నేల మీదికి నాలుగంగుళాల ఎత్తున కర్రలు నాలుగు అడ్డంగా పెడితే నాటు రకాల పిల్లలు ఐదో వారం నుంచే వాటి మీద వాలడం నేర్చుకుంటాయి. కర్రెక్కిన పిల్ల కుప్పలో పడదు.

మరి ఇంత తంటా ఎందుకు, దీపమే ఇంకో నెల ఉంచితే పోలా అనే వాదన కూడా ఉంది. ఉంచవచ్చు, కానీ దాని ధర కరెంటు బిల్లుతో అయిపోదు. అవసరానికి మించిన వేడిలో పెరిగే పిల్లకు ఈక నిదానంగా పడుతుంది. అంటే దీపం తన అవసరాన్ని తానే పొడిగించుకుంటుంది. 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బు పొట్టు మీదికి జారితే నిప్పంటుకుంటుంది, తడికలు, గోనెలు, తాటాకులు ఉన్న షెడ్డుకు ఆ ఒక్క జారుడు చాలు. అన్నిటికీ మించి, అర్ధరాత్రి కరెంటు పోతే? ఆరో వారం దాకా దీపం కిందే పడుకున్న మంద ఒక్కసారిగా 12 డిగ్రీల చీకట్లో పడుతుంది. మెల్లగా అలవాటుపడ్డ మందకు ఆ రాత్రి ఓ మామూలు రాత్రి. పల్లెల్లో కరెంటు మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో అక్కడి వారికి వేరే చెప్పాలా? రోజూ దాణా ఎక్కువ తింటాయన్న మాట మాత్రం ఒప్పుకోవాలి. చల్లని చోట పెరిగే కోడి ఒంటి వేడి కోసం మరికాస్త తింటుంది. సాయంత్రం పొద్దుపోయే ముందు మొక్కజొన్న నూకలు వేసి మెడకింది సంచి నిండుగా పడుకునేలా చూడటం అందుకే మంచిది. ఆ అదనపు గింజల ఖర్చును మందులకు, చచ్చిన పిల్లలకు పోయే ఖర్చు పక్కన పెట్టి చూడాలి.

ఏజెన్సీ మాటేమిటంటారా? అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగిలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి జారుతుంది. పాడేరు, అరకు, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఒక్క అంకెలోకి దిగడం ఏటా ఉండేదే. అక్కడ ఆరు వారాల పిల్లకు కూడా ఒట్టి షెడ్డు చాలకపోవచ్చు. అయినా పరిష్కారం షెడ్డును బిగించడం కాదు, షెడ్డు లోపల పడక గూడు పెట్టడం. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తున్న చెక్క పెట్టె గానీ వెదురు తడికల పెట్టె గానీ చేసి, నేల మీద నాలుగంగుళాల పొడి పొట్టు పోసి, ముందు వైపు గోనె పీలికలు వేలాడదీస్తే నలభై యాభై పిల్లలకు సరిపోతుంది. కప్పు తక్కువ ఎత్తులో ఉండటం వల్ల ఒంటి వేడి వాటి దగ్గరే నిలుస్తుంది. పీలికల్లోంచీ, వెనక పైన వదిలిన సన్నని సందులోంచీ ఊపిరి తడి షెడ్డులోకి, అక్కడి నుంచి బయటికి పోతుంది. తల్లికోడి రెక్క చేసే పని ఇది చేస్తుంది, కరెంటు లేకుండా. పొట్టు రోజూ మార్చకపోతే మాత్రం ఇదీ చిన్నసైజు తడి షెడ్డే అవుతుంది. మన ఊళ్లలో ఇంటి పంచన మట్టితో కట్టే పాత కోళ్ల గూడులో లోపమూ అదే. రాతి పలక అడ్డం పెడితే గాలికి చోటే ఉండదు, పైన నాలుగు రంధ్రాలు పొడవాలి. నేలకెత్తుగా కట్టే వెదురు గూళ్లది ఇంకో రకం లోపం. సందుల నేల నుంచి చలిగాలి పొట్టకే తగులుతుంది, చలికాలంలో ఆ నేల మీద గోనె పరిచి పొట్టు పోయాలి. తెరిచిన వైపు నుంచి బావురుపిల్లి, ముంగిస, పాము దూరతాయన్న భయం న్యాయమైనదే. దానికి అడ్డం అరంగుళం కన్నాల తీగ వల. గోనె గుడ్డ ఎలాగూ పిల్లిని ఆపదు.

రద్దీగా ఉంచితే ఒకదానికొకటి వెచ్చగా ఉంటాయనే మాట పల్లెల్లోనే కాదు, పెద్ద షెడ్లలోనూ వినిపిస్తుంది. బ్రూడర్‌లో పిల్లకు అర చదరపు అడుగు చాలుతుంది. నాలుగు వారాలు దాటాక ఒక అడుగు, ఎనిమిది వారాలు దాటాక ఒకటిన్నర, రెండు అడుగులు కావాలి. బ్రూడర్ ఇరుకైపోయిందని పిల్లల్ని మార్చేది స్థలం కోసమే అయినప్పుడు, కొత్త ఇంట్లో మళ్లీ అదే ఇరుకు పెట్టడం దేనికి? చదరపు అడుగుకు రెండు పిల్లలైతే రెట్ట రెట్టింపు, ఊపిరి రెట్టింపు, పైన వేసిన లెక్కలో గాలి గంటకు రెండుసార్లు మారాలి. మూసిన షెడ్డులో అది జరగదు. ఈకలు పీక్కోవడం కూడా ఇరుకులోనే మొదలవుతుంది, ఈక పోయిన వీపుకు చలి నిజంగానే తగులుతుంది. బ్రాయిలర్ల సంగతి వేరు. ఆరు వారాలకు అవి అమ్మకానికే పోతాయి, వేగంగా పెరిగే ఒళ్లు చాలా వేడిని తానే పుట్టిస్తుంది. కానీ చలిలో ఆక్సిజన్ అవసరం పెరిగి, గాలి చాలక, పొట్టలో నీరు చేరి చనిపోయేది ఎక్కువగా ఆ జాతే. గాలి విషయంలో వాటికి మినహాయింపు లేదు.

ఈ వాదన అసలు తగలాల్సింది పెరటి కోళ్ల పంపిణీకి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది పల్లె పెరళ్ల కోసమే. వాటిని పెరట్లో వదలడానికి ముందు నాలుగు నుంచి ఆరు వారాల దాకా బ్రూడింగ్‌లో పెంచాలన్నది మొదటి నుంచీ ఉన్న సూచన. కేంద్ర ప్రభుత్వ పెరటి కోళ్ల పథకంలో కుటుంబానికి 45 పిల్లలు, మదర్ యూనిట్‌లో నాలుగు వారాలు పెంచి, విడతలుగా ఇచ్చే ఏర్పాటు, రాత్రి గూటికి కొంత సాయం ఉండేవి. నాలుగు వారాలన్నది వేసవికి సరిపోయే హద్దు. డిసెంబర్‌లో ఉట్నూరు వైపు ఒక గూడెంలో దింపిన నాలుగు వారాల పిల్లకు వీపు మీద సగం నూగే ఉంటుంది. గంపలో ప్రయాణం, కొత్త చోటు, కొత్త మేత, దీపం లేని మొదటి రాత్రి, అన్నీ ఒకేరోజు పడతాయి. గూడు ఇంకా కట్టి ఉండకపోతే గోనె కప్పిన గంపే గూడవుతుంది. చలికాలం పంపిణీలో వయసు లెక్క మాని ఈక చూసి ఇవ్వాలి, మామూలుగా అది ఆరు వారాలు. పిల్లల కంటే ముందు గూడు, తీగ వల, పొడి పొట్టు ఇంటికి చేరాలి. మదర్ యూనిట్‌లో పిల్ల ఇంకో రెండు వారాలుంటే అక్కడ స్థలం చాలదని, తర్వాతి విడత ఆగిపోతుందని నిర్వాహకులు అంటారు. అది వట్టి సాకు కాదు, పెరిగిన పిల్లకు రెట్టింపు చోటు కావాలని పైనే చెప్పుకున్నాం. దానికి దారి విడతల వేళను జరపడంలో ఉంది. గుడ్డు పొదగడానికి 21 రోజులు, ఆ పైన ఆరు వారాలు, మొత్తం 63 రోజులు. ఆగస్టు రెండోవారంలో పొదగేసిన గుడ్ల పిల్లలు అక్టోబర్ నడుమ, చలి ముదరకముందే ఈకతో ఇల్లు చేరతాయి. డిసెంబర్ చివర పొదగేసినవి శివరాత్రి రోజులకు చేరతాయి. నడుమ నెలల్లో పంపిణీ తగ్గించి, అప్పుడు ఖాళీ అయ్యే చోటును ఉన్న పిల్లలకు ఇవ్వవచ్చు. మిగిలేది రెండు వారాల దాణా ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న. రోజుకు 40 గ్రాముల లెక్కన 45 పిల్లలకు పద్నాలుగు రోజులకు పట్టేది 25 కిలోలు, అంటే అర బస్తా.